గోడకు ఆ పక్క గిటారు

సమ్మె మొదలైన రోజు పొద్దున మా తమ్ముడు వీరేశు కంపెనీ బస్సులో కూర్చొని, మా ముందునుంచే ఫ్యాక్టరీ గేటు లోపలికి పోయాడు. నేను అప్పుడే షామియానాకు గుంజ పాతి తాడు బిగిస్తున్నాను. గేటు దగ్గర బస్సు నెమ్మదించింది. కిటికీ పక్కన వాడే. ఒళ్ళో టిఫిన్ డబ్బా. నన్ను చూశాడు. తల తిప్పుకోలేదు. తిప్పుకొని ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదేమో.

"కొట్రేశా, ఆయప్ప మీ తమ్ముడు గదప్పా?" అన్నాడు హనుమంత. క్రేన్ మీద నాతోపాటు పదకొండేళ్ళు పనిచేసినవాడు, మా ఇంట్లో ఎన్నోసార్లు అన్నం తిన్నవాడు. అడగాల్సిన పనేమీ లేదు. పదిమంది వినాలని అడిగాడు.

"ఔ" అన్నాను. తాడు ఎంత గట్టిగా లాగానంటే గుంజ పక్కకు ఒరిగింది.

మేమంతా కాంట్రాక్టు వాళ్ళం. ఐదేళ్ళు దాటినవాళ్ళను పర్మనెంటు చెయ్యాలన్నది మా డిమాండు. వీరేశు అట్లా కాదు. ఐటీఐ చదివి నేరుగా కంపెనీలోనే ట్రెయినీగా చేరాడు. జూన్‌లో వాడి పేరు పర్మనెంటు లిస్టులో పడాలి. ఇంక రెండు నెలలు కూడా లేదు.

ఆ మధ్యాహ్నం నేను ఇల్లు చేరేసరికి వాడు పంచలో చెప్పులు విడుస్తున్నాడు.

"సిగ్గుండాదా నీకు?" అన్నాను.

"నాకు జూన్‌లో పర్మనెంట్ అయ్యేదుండాది."

"మాకు పదకొండేండ్లాయె, ఆ జూన్ రాలేదు."

"దానికి నేనేం జేయల్ల? మీరు గెలిచేది లేదన్నా. నాయన గూడ ఇట్లనే గేటు ముందర కూర్చున్న్యాడు. ఏమొచ్చె?"

"నాయన పేరు ఎత్తొద్దు."

"ఎందుకెత్తకూడదు? నాకూ నాయనే గదా."

మా అమ్మ శరణమ్మ లోపల జొన్నరొట్టెలు కొడుతోంది. ఆ చప్పుడు ఆగిపోయింది. నా భార్య అక్షత గడపలోకి వచ్చి నిలబడింది. వీధిలో పోయేవాళ్ళు మా వైపు చూడడం మొదలుపెట్టారు.

"ఇంక నాతో మాట్లాడొద్దు" అన్నాను.

"సరే. గిటారు నేర్చుకునేది గూడ ఆయ్తు, అయిపాయె" అన్నాడు వాడు. తన గదిలోకి పోయి లోపల గడియ పెట్టుకున్నాడు.

మాకు గిటారు ఎక్కడిదంటారేమో. ఫ్యాక్టరీలో షిల్లాంగ్ నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. ఆయన క్వార్టర్సులో ఫ్యాన్ బాగుచెయ్యడానికి పోయి, ఆయన వాయిస్తుంటే విని, వీరేశు రెండేళ్ళు ఆయన్ను వదలకుండా పట్టుకొని నేర్చుకున్నాడు. ఎప్పుడో అమెరికాలో పత్తిచేలల్లో కూలి చేసిన నల్లవాళ్ళ పాటలట. బ్లూస్ అంటారట. వింటే ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. ఒక్కడే. బొటనవేలు లావు తీగల మీద ఒక తీగ, మళ్ళీ ఇంకో తీగ, అటూ ఇటూ నడుస్తూనే ఉంటుంది. చూపుడువేలు, మధ్యవేలు సన్న తీగల మీద పాట పాడతాయి. ఉగాదికి వాడు కొత్త గిటారు కొనుక్కొని, పాతది నాకిచ్చాడు.

"వారం దినాలు ఒట్టి బొటనేలు. వేరే ఏలు తగలకూడదు" అన్నాడు. "అరచేయి అంచు ఈడ తీగల మొదట్లో ఆనించు. లావు తీగ మోగకూడదు, దుమ్ముదుమ్మనల్ల. నువ్వు అన్నం తింటాండినా, వదినతో కొట్లాడతాండినా ఆ బొటనేలు ఆగకూడదు."

క్రేన్ మీద నా ఎడమచేయి ఒక పని, కుడిచేయి ఇంకో పని చేస్తాయి. ఇదేం లెక్క అనుకున్నాను. కానీ ఒకే చేతిలో వేళ్ళు ఒకదాని మాట ఒకటి వినకుండా ఉండడం చాలా కష్టం. పాట ఎటు పోతే బొటనవేలు దాని వెంటే పరుగెత్తేది. వీరేశు నా మణికట్టు మీద స్కేలుతో కొట్టేవాడు. తమ్ముడు అన్నను స్కేలుతో కొడుతుంటే అమ్మ నవ్వేది. రెండు వారాలు అట్లా జరిగింది. తర్వాత సమ్మె వచ్చింది.

మా ఇల్లు ఫ్యాక్టరీకి దగ్గర్లోనే, బళ్ళారి జిల్లా కూరెకుప్పలో. ముందు గది వాడిది, వెనక గది నాదీ అక్షతదీ. మధ్య గోడ ఒక్క ఇటుక మందం. గోడ పైన, రేకుల కింద జానెడు సందు. వాడు ఆరింటి షిఫ్టుకు పోయి రెండున్నరకు వచ్చేవాడు. నాలుగింటికి గిటారు తీసేవాడు. నేను గేటు దగ్గర నుంచి ఆ వేళకే వచ్చేవాణ్ణి. సమ్మెలో పనేముంది? పొద్దున నినాదాలు, మధ్యాహ్నం చిత్రాన్నం, తర్వాత పేకాట. ఇంటికొచ్చి గోడకు వీపానించి కూర్చొని, వాడు వాయించేదాన్ని నేను పట్టుకోవడం మొదలుపెట్టాను.

వాడు రోజూ ఒక పాట తప్పకుండా వాయించేవాడు. నాకు నేర్పిస్తానని నేర్పకుండా ఆపిన పాట అదే. ఒక్కో ముక్క విని, వెతికి, వేళ్ళకు నేర్పుకున్నాను. మూడో రోజు మొదటి వరస నాకు దొరికింది. వాయించాను. గోడకు ఆ పక్క గిటారు ఆగిపోయింది.

మరుసటి రోజు అదే పాట, కానీ ఏ స్వరమూ నాకు కలవలేదు. ప్రతిదీ కొంచెం పైన ఉంది. అరగంట తన్నుకున్నాక అర్థమైంది. గిటారు మెడ మీది మెట్లకు అడ్డంగా తీగలన్నీ ఒక్కసారి అదిమిపట్టే క్లిప్పు ఒకటి ఉంటుంది, అది పెట్టాడు. నన్ను తప్పించడానికే పెట్టాడు. నా దగ్గర ఆ క్లిప్పు లేదు. అక్షత ఇంట్లో పిల్లలకు ట్యూషన్ చెప్పేది. ఆమె పుస్తకాల సంచిలోంచి ఒక పెన్సిలు తీసుకొని, రెండో మెట్టు మీద అడ్డంగా పెట్టి రబ్బరు బ్యాండ్లతో బిగించి కట్టాను. వాయించాను. కలిసింది.

గోడ మీద దబదబా గుద్దాడు. "నకలు కొట్టేదానికి సిగ్గు ల్యా?"

"గోడ మీ నాయనదా?" అన్నాను.

అమ్మ వసారాలోంచి అరిచింది: "ఇద్దరికీ నాయన ఒగడే గదరా! ఇద్దర్నీ ఒగేసారి తీసుకపోడేమి ఆ పోయిన మనిషి!"

తర్వాత వాడు చేసింది ఇంకా పెద్దది. పాట అదే గానీ, బొటనవేలు కొట్టే లావు తీగ నా గిటారులో లేనంత కిందికి దిగింది. నా లావు తీగను ఎక్కడా అదమకుండా కొట్టినా వాడి స్వరం దానికంటే కిందే ఉంది. నాలుగు రోజులు నాకేమీ తోచలేదు. వాడు నింపాదిగా, ముక్కముక్కా విడివిడిగా, కావాలనే వినిపించేవాడు. మధ్యలో ఆపి నవ్వేవాడు. ఆ నవ్వు నాకు గేటు దగ్గర పోలీసుల లాఠీ కంటే ఎక్కువ తగిలేది. ఐదో రోజు తెగించి, తీగను బిగించే చెవి తిప్పి వదులు చేశాను. ఒక్కటి కాదు. లావు తీగలు రెండూ, చివరి సన్న తీగా. ఏమీ పట్టకుండా ఊరికే చెయ్యి ఆడిస్తే గిటారు మొత్తం ఒకే మాట పలికింది.

"ఇది సమ్మెనా, పిల్లకాయల ఆటనా?" అంది అక్షత. "బియ్యం అడుగంటింది. మీరిద్దరూ తీగలు తెంచుకోండి."

ఆమె మాట నిజమే. ఇరవై రోజులు దాటేసరికి షామియానా కింద సగం మందే మిగిలారు. ఎండ నలభైమూడు డిగ్రీలు. మాలోంచి రోజుకో ముఖం కంపెనీ బస్సు కిటికీలో కనిపించేది. మొదట ఒకటే బస్సు. తర్వాత మూడు. హనుమంత రోజంతా ఆ కిటికీలను లెక్కపెడుతూ కూర్చునేవాడు.

ఇరవై ఐదో రోజు నన్ను పక్కకు పిలిచాడు. "రేపు పొద్దున కల్వర్టు కాడ స్పీడ్ బ్రేకరుండాదే, ఆడ మొదటి బస్సును నిలపల్ల. నీ బండి మీద ఒగ సంచి ఎత్తుకోని రా."

"ఏం సంచి?"

"లారీల నుంచి రాలింటాయి చూడు రోడ్డు పక్కన. చిన్నవి వద్దు."

ఇనుప ఖనిజం గడ్డలు. సండూరు గనుల నుంచి వచ్చే లారీలు రాల్చిపోతాయి. మామూలు రాయికంటే రెండింతలు బరువు.

"మా తమ్ముడుంటాడు ఆ బస్సులో" అన్నాను.

"మా బామ్మర్దీ ఉంటాడు" అన్నాడు హనుమంత. "అద్దాలకేలే. మనుషులకు గాదు. నీకు ఇష్టం లేకపోతే సుమ్మనే, ఊరక ఇంట్లో కూర్చోని తీగలు మీటుకో. ఊరంతా అదే అంటాండారు."

ఆ చివరి మాట అనకపోయినా నేను పోయేవాణ్ణేమో. తెలీదు. సాయంత్రం సిమెంటు సంచిలో గడ్డలు ఏరి, బండి ట్యాంకు మీద పెట్టుకొని తెచ్చాను. చేతులంతా ఎర్రమట్టి. అక్షత చూసింది. చేతులు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చింది.

మరుసటి పొద్దు ఐదింటికి లేచాను. గోడకు ఆ పక్క వీరేశు అప్పటికే లేచాడు. షిఫ్టుకు పోయేముందు వేళ్ళు వెచ్చబడడానికి రెండు నిమిషాలు వాయించుకోవడం వాడికి అలవాటు. పాట లేదు. ఒట్టి బొటనవేలు. అటూ ఇటూ, అటూ ఇటూ. నేను చొక్కా వేసుకుంటూ విన్నాను. గోడ మీద ఒక్కసారి తడితే చాలు. ఈ పొద్దు పోవద్దురా అని కూడా చెప్పనక్కర్లేదు. తడితే వాడు తిట్టడానికైనా బయటికి వచ్చేవాడు. వాడితో కొట్లాడి ఉంటే బస్సు తప్పిపోయేది.

నేను గుండీలు పెట్టుకొని, వెనక తలుపు తీసుకొని, బండిని వీధి చివరదాకా తోసుకుంటూ పోయి స్టార్టు చేశాను.

కల్వర్టు దగ్గర తొమ్మిదిమందిమి ఉన్నాం. ముఖాలకు టవళ్ళు చుట్టుకున్నాం. తెల్లవారింది. బస్సు వచ్చింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదించింది. హనుమంత రోడ్డు మీదికి దూకాడు. డ్రైవరు ఆపలేదు, హారను కొడుతూ ముందుకే తోశాడు. అప్పుడు మొదటి గడ్డ లేచింది.

వీరేశు ఎడమవైపు మూడో కిటికీలో ఉన్నాడు. టవలు చుట్టుకున్నా నన్ను గుర్తుపట్టాడు. కిటికీ వైపు వంగి, "అన్నా!" అని అరిచాడు. తిట్టు కాదు. బెదిరింపు కాదు. చిన్నప్పుడు పిలిచినట్టే పిలిచాడు. అప్పటికి నా చేతిలోది గాలిలో ఉంది.

అద్దాలు రాలిన చప్పుడు. ఆడమనిషి అరుపు. బస్సు ఆగకుండా పోయింది. నేను విసిరింది ఎవరికీ తగల్లేదని, బస్సు రేకుకు తగిలి కింద పడిందని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. తొమ్మిదిమందీ అదే చెప్పుకొని ఉంటారు.

క్యాంటీనులో వంటచేసే హొన్నమ్మకు తగిలింది. వీరేశు పక్క సీటు. యాభై ఏళ్ళ మనిషి. సమ్మెకు ముందు నా ప్లేట్లో సాంబారు ఇంకో గరిట ఎక్కువ వేసేది. ఎడమ కన్ను పోయింది.

మధ్యాహ్నం పోలీసులు మా ఇంటికి వచ్చారు. ఎస్సై కుర్చీలో కూర్చొని కన్నడంలో అడిగాడు: కొట్రేశు పొద్దున ఎక్కడున్నాడు? నేను నోరు తెరిచేలోపల వీరేశు వచ్చాడు. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. చొక్కా ముందు భాగమంతా రక్తం ఎండిపోయి అట్టకట్టింది. ఆ రక్తం వాడిది కాదు.

"ఇంట్లోనే ఉన్న్యాడు సార్" అన్నాడు. "గిటారు వాయిస్తాండె. నేను వీధి చివర బస్సు ఎక్కేదాకా ఇనపడతానే ఉండె."

"ఐదున్నరకు గిటారా?"

"రోజూ అంతే సార్. ఊర్లో ఎవుర్ని అడిగినా చెప్తారు. దాని గురించే మాకూ మాకూ జగడం. మాకు మాటలు గూడ లేవు. అట్లాటోని కోసం నేను సుళ్ళు, అబద్ధాలు ఎందుకు చెప్తా?"

ఎస్సై మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరి మాట నమ్మినట్టుంది. మాకు మాటలు లేవన్నది చూస్తేనే తెలుస్తోంది. కాగితం మీద వీరేశు సంతకం తీసుకొని పోయాడు. సాయంత్రానికి హనుమంతనూ ఇంకో ఇద్దరినీ పట్టుకుపోయారు. వాళ్ళు నా పేరు చెప్పలేదు.

జీపు పోయాక వీరేశు పంచలోనే నిలబడ్డాడు. నేను దగ్గరకు పోయాను.

"రేయ్..."

"నీ కోసం గాదు" అన్నాడు. "అమ్మ ఈ వయసులో స్టేషన్ చుట్టూ తిరగకూడదని. అంతే."

"నేను ఏసింది..."

"చెప్పొద్దు. నాకు చెప్పొద్దు. నేను నిన్ను చూసినా. నేనే పిలిచినా. నువ్వు ఆపలేదు." వాడి గొంతు పెరగలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది. "ఇంకోటి. ఆ పాట మళ్ళ ముట్టుకోవద్దు. దాన్ని అబద్ధానికి వాడినా. అది చెడిపాయె."

ఆ వారంలోనే తోరణగల్లులో గది చూసుకొని వెళ్ళిపోయాడు. కొత్త గిటారు, బట్టల సూట్‌కేసు, ఫ్యాను. అమ్మ ఆటో దాకా పోయింది. ఆటో కదిలాక వాడి గదిలోకి పోయి, ఖాళీ నేలను ఊడ్చి, మళ్ళీ ఊడ్చింది. రాత్రి అన్నం దగ్గర నాతో ఒకే మాట అంది: "నీ చేతులకు ఎర్రమట్టి నేనూ చూసినాలే."

ముప్పైనాలుగో రోజున సమ్మె విరిగిపోయింది. డిమాండ్లు తర్వాత మాట్లాడుకుందామన్నారు. కేసులో పేరున్నవాళ్ళను తప్ప అందరినీ పనిలోకి తీసుకున్నారు. నా పేరు కేసులో లేదు. నేను క్రేన్ ఎక్కాను. హనుమంత సీట్లో ఎవరో బీహారు కుర్రాడు కూర్చున్నాడు. క్యాంటీనులో హొన్నమ్మ చోట ఇంకో మనిషి.

జూన్ మొదట్లో నేను హొన్నమ్మ ఇంటికి పోయాను. ఎందుకు పోయానో నాకు స్పష్టంగా తెలీదు. పండ్లు కొనుక్కొని పోయాను, అది మాత్రం తెలుసు. ఆమె ఇంటి ముందు బండమీద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. కంటి మీద పచ్చగుడ్డ కట్టు. పండ్ల సంచిని చూసింది, తీసుకోలేదు.

"ఏమప్పా కొట్రేశా. ఆ పొద్దు నువ్వు ఇంట్లో గిటారు వాయిస్తాండ్యావంట?"

పండ్ల సంచిని బండ మీద ఆమె పక్కన పెట్టాను.

"పోలీసోళ్ళు చెప్పినారులే. ఎత్తుకోని రా పో. అదేం పాటో నేనూ ఇనల్ల."

"అక్కా..."

"పండ్లొద్దు. పాట తే."

మరుసటి రోజు షిఫ్టు దిగి, గిటారును దుప్పట్లో చుట్టుకొని పోయాను. వీరేశు వద్దన్న తర్వాత మూడు వారాలు దాన్ని ముట్టుకోలేదు. తీగలు పట్టు సడలాయి. ఆమె ఎదురుగా నేలమీద కూర్చొని ఒక్కో చెవీ తిప్పాను. పక్కింటివాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. హొన్నమ్మ వాళ్ళను "పోండి, ఈడ ఏం బొమ్మలాట కాదు" అని తరిమేసింది.

బొటనవేలు మొదలుపెట్టాను. అరచేయి అంచు ఆనించి, దుమ్ముదుమ్మని. నాలుగు చుట్లు ఒట్టి బొటనవేలే. తర్వాత సన్న తీగల మీద పాట అందుకున్నాను. తప్పిపోతుందనుకున్నాను. తప్పలేదు. గోడకు వీపానించి నెలరోజులు దొంగిలించిందంతా వేళ్ళలో ఉంది. మొదటి వరస, రెండో వరస, కిందికి దిగే చోటు, మళ్ళీ పైకి ఎక్కే చోటు. బొటనవేలు దేని వెంటా పరుగెత్తలేదు. అంతకుముందు ఎప్పుడూ మొదటి నుంచి చివరిదాకా నేను దాన్ని వాయించలేదు. అన్ని రోజులు కోరుకున్నది అదే. అది అయిపోయినప్పుడు గిటారును ఒళ్ళోంచి తీసి నేలమీద పెట్టేశాను.

హొన్నమ్మ పాట వింటున్నట్టు లేదు. ఉన్న ఒక్క కన్నుతో నా కుడిచేతినే చూస్తోంది.

"ఈ చేయేనా?" అంది.

"ఆ పొద్దు నేను ఇంట్లో లేనక్కా" అన్నాను.

"తెలుసు. మీ తమ్ముడు నా పక్కనే కూర్చున్న్యాడు. 'అన్నా' అని అరిచె. నా చెవిలోనే అరిచె. నేను ఎవురా అని తిరిగి చూసినా. అందుకే కంటికి తగిలింది. లేకుంటే తలకాయకు తగులుతాండె."

"పోలీసులకు..."

"చెప్పల్యా. ఆ పిల్లోడు నా తల ఒళ్ళో పెట్టుకోని ఆసుపత్రి దాకా వచ్చె. దావంతా ఏడుస్తానే ఉండె. ఆ మొగం చూసి చెప్పల్యా. నీ మొగం చూసి గాదు."

"నేను స్టేషన్‌కు పోయి చెప్పేస్తానక్కా."

"చెప్పు. అప్పుడు మీ తమ్ముడు సుళ్ళు రాయించినోడు అయితాడు. ఇద్దర్నీ లోపలేస్తారు. మీయమ్మ ఒగతే ఉంటాది. నా కన్ను మొలుస్తాదా?" చింతగింజ ఒకటి తీసి దూరంగా విసిరింది. "నీకు భారం దిగాలని వచ్చినావు. నేను దించను."

నేను గిటారును మళ్ళీ దుప్పట్లో చుట్టడం మొదలుపెట్టాను. అప్పుడు ఆమే అంది: "గురువారం గురువారం నేను బళ్ళారికి పోవల్ల, కంటాసుపత్రికి. లోపల ఇంకా గాజు ఉండాదంట. రెండో కంటికీ పాకుతాదేమో చూడల్లంట. బస్సెక్కలేను. కిటికీ చూస్తే ఒళ్ళు వణుకుతాది. నువ్వు బండి మీద తీసుకపోవల్ల. డాక్టరు చాలనేదాకా."

"సరేనక్కా."

"మాట్లాడకూడదు. దావలో ఒగ మాట గూడ."

నా వారపు సెలవును గురువారానికి మార్పించుకున్నాను. పొద్దున ఏడింటికి ఆమె ఇంటిముందు హారన్ కొట్టేవాణ్ణి. ఆమె వచ్చి, నా భుజం పట్టుకోకుండా, వెనక కడ్డీ పట్టుకొని కూర్చునేది. బళ్ళారి దాకా, ఆసుపత్రి వరండాలో రెండు గంటలు, మళ్ళీ వెనక్కి. ఆమె మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఆమె టోకెను నెంబరు పిలిస్తే నేను లేచేవాణ్ణి, ఆమె చెయ్యెత్తి కూర్చోమనేది. లోపలికి తనే పోయేది.

ఇంటి దగ్గర సాయంత్రాలు గిటారు తీసేవాణ్ణి. పాట కాదు. ఒట్టి బొటనవేలు. అక్షత ఒకసారి "పాట వాయించరా?" అని అడిగింది. లేదన్నాను. గోడకు ఆ పక్క అమ్మ జొన్నల మూటలు పెట్టుకుంది.

నాలుగో గురువారం తోరణగల్లు పెట్రోలు బంకులో ఆగాం. ముందు రోజు మంచి వాన పడింది, రోడ్డంతా ఎర్రబురద. నా ముందు బండి వీరేశుది. అప్పటికి పర్మనెంటు అయ్యాడని అమ్మ చెప్పింది. కొత్త యూనిఫారంలో ఉన్నాడు. పెట్రోలు పోయించుకొని, బండి పక్కకు తోసి, నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. వాడు నన్ను దాటి హొన్నమ్మ దగ్గర నిలబడ్డాడు.

"యాడికి అక్కా?"

"బళ్ళారికి, కంటాసుపత్రికి."

"ఎవురితో పోతాండావు?" నా హ్యాండిలుకు ఆనుకొనే నిలబడి అడిగాడు.

నా వెనక హొన్నమ్మ కొంగు సర్దుకోవడం తెలుస్తోంది. "బండి తోలేదానికి ఒగాయనుండాడులే" అంది.

"మెల్లగ తోలమని చెప్పు. ముందర బురద ఉండాది. లారీలెక్కువ."

"చెప్తా."

వాడి చూపు హ్యాండిల్ పట్టుకున్న నా కుడిచేతి మీద పడింది. బొటనవేలి గోరు పొడుగ్గా పెంచి, తీగకు తగిలే వైపు అరగదీసుకున్నాను. కాసేపు చూశాడు. బండి దగ్గరకు పోయి, కిక్కు కొట్టి, ఫ్యాక్టరీ రోడ్డు మీదికి తిరిగిపోయాడు.

"ఇన్న్యావు గదా" అంది హొన్నమ్మ వెనక నుంచి. దారిలో ఆమె నాతో అన్న మొదటి మాట అది.

బళ్ళారి దాకా మెల్లగానే తోలాను.